ఇంతకీ ఆ పెళ్ళాం ఏమైంది?

1988 ఆగస్టులో మా ఉక్కునగరంలో ఆదివారాలు ఒక్కసారిగా బోసిపోయాయి. జులై 31తో టీవీలో రామాయణం అయిపోయింది. అంతకుముందు ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున్నే తలంట్లు కానిచ్చి, టీవీకి బొట్టు పెట్టి, చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళంతా మా ముందుగదిలో చాపల మీద సర్దుకుని కూర్చునేవాళ్ళు. హిందీ ముక్క రాకపోయినా ఎవరికీ లోటు తెలియలేదు, కథ తెలిసిందే కదా. అది కాస్తా అయిపోయేసరికి ఆ గంట ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. మహాభారతం మొదలు కావడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ మధ్య ఖాళీలో ఒక ఆదివారం మా ఇంట్లో 'డాక్టర్ జివాగో' అనే ఇంగ్లిష్ సినిమా వేశారు.

నేనప్పుడు టెన్త్. చెల్లి ఆరో క్లాసు. నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఇంజినీరు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊళ్ళకి ఊళ్ళు అరిస్తే, 1971లో ఇందిరా గాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ రాయి ఏళ్ళ తరబడి రాయిలాగే ఉండిపోయింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాకే పనిలో కదలిక వచ్చింది. ఆ వెంటే రష్యన్లూ వచ్చారు. ఇటు ప్లాంటులో వాళ్ళే, అటు నేవీ సబ్‌మెరైన్లూ వాళ్ళవే. మా చిన్నప్పుడు విశాఖపట్నంలో తెల్లవాళ్ళెవరు కనపడినా 'రష్యావోళ్ళు' అనేసేవాళ్ళం, చాలాసార్లు అది నిజమే అయ్యేది. గాజువాకలో మా కూరగాయలావిడకి రష్యన్‌లో పది దాకా లెక్కపెట్టడం వచ్చు. బేరం మాత్రం తెలుగులోనే ఆడేది.

నాన్న ట్రైనింగ్ కోసం ఆర్నెల్లు అక్కడికి వెళ్ళొచ్చారు. వచ్చేటప్పుడు ఒక దళసరి డిక్షనరీ, ఒక ఉన్ని టోపీ, వంటకి పనికిరాని రష్యన్ భాష కొంచెం తెచ్చుకున్నారు. ఆ టోపీ విశాఖలో ఎవరికి కావాలి? అమ్మ అందులో ఉల్లిపాయలు పోసేది.

నాన్నతో పాటు బ్లాస్ట్ ఫర్నేస్ పనిలో ఉన్న ఒక రష్యన్ ఇంజినీరు మా ఇంటికి వస్తూ ఉండేవాడు. యాభై ఏళ్ళుంటాయి. మన ఎండకి మొహం ఎప్పుడూ పండిన టమాటాలా ఉండేది. నాకూ చెల్లికీ ఆయన రష్యా మావయ్య. అమ్మ 'అన్నయ్యగారూ' అనేది. నాన్న నేర్పిన 'చెల్లెమ్మా' ఆయన నోట్లో 'చెలమ్మా' అయ్యేది. ఇంకో తెలుగు మాట కూడా వచ్చు ఆయనకి: 'చాలు'. అమ్మ వడ్డిస్తుంటే రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టి 'చాలు, చాలు' అనడం, అమ్మ వినిపించుకోకపోవడం. వచ్చినప్పుడల్లా మాకు లెనిన్ బొమ్మ ఉన్న బ్యాడ్జీలు ఇచ్చేవాడు. నా దగ్గర ఒక డబ్బా నిండా ఉండేవి. స్కూల్లో ఒక బ్యాడ్జీకి నాలుగు గోళీలు వచ్చేవి.

ఒకరోజు సాయంత్రం వరండాలో టీ తాగుతూ ఆయన నాన్నతో ఏదో చెప్పాడు. నాన్న మధ్యలో 'నేను మద్రాసులో చదువుకునేటప్పుడు చూశాను ఆ సినిమా' అన్నారు. ఆయన కప్పు కింద పెట్టేశాడు. 'నువ్వు చూశావా?' అని రెండుసార్లు అడిగాడు.

సంగతేమిటంటే, ఆ కథ వాళ్ళ దేశానిది, వాళ్ళ కవి బోరిస్ పాస్తర్నాక్ రాసింది. వాళ్ళ పత్రిక దాన్ని వేసుకోనంది, రాతప్రతి ఇటలీ చేరి 1957లో అక్కడ అచ్చయింది. మరుసటేడు నోబెల్ బహుమతి వచ్చింది. సొంత దేశంలో దుమ్మెత్తిపోయడంతో పాస్తర్నాక్ ఆ బహుమతి వద్దనాల్సి వచ్చింది, 1960లో పోయాడు. 1965లో డేవిడ్ లీన్ సినిమా తీస్తే అదీ వాళ్ళ దేశంలో ఆడలేదు. మేం ఈ మాటలు చెప్పుకుంటున్న 1988లోనే మొదటిసారిగా ఆ నవల వాళ్ళ 'నోవీ మీర్' పత్రికలో వచ్చింది. 'మా ఆవిడ ఉత్తరం రాసింది, లైబ్రరీలో పేరు రాయించుకుని ఎదురుచూస్తోందట' అన్నాడు మావయ్య. ఆయన ఇక్కడ కూర్మన్నపాలెం పక్కన కాంక్రీటు పోయిస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఇంకో మాట గొంతు తగ్గించి చెప్పాడట. నాన్న మాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. 1958లో ఆయన ఇంజినీరింగ్ విద్యార్థి. పాస్తర్నాక్‌ని ఖండించడానికి కాలేజీలో మీటింగు పెట్టారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే అందరితో పాటు ఈయనా ఎత్తాడు. 'పుస్తకం అట్ట కూడా చూడలేదు' అన్నాడట.

నాన్న ఆ శనివారం నన్ను తీసుకుని డాబాగార్డెన్స్‌లో ఒక వీడియో లైబ్రరీకి వెళ్ళారు. కౌంటర్లో కుర్రాడికి పేరు రెండుసార్లు చెప్పినా అర్థం కాలేదు. డాక్టర్ అని మొదలయ్యే తెలుగు సినిమా ఒకటి తీసిచ్చాడు. మూడోసారి నాన్నే బల్ల వెనక్కి వెళ్ళి ఇంగ్లిష్ అరలో వెతికారు. రెండు క్యాసెట్లు, పైన బాల్‌పెన్‌తో 1, 2 అని రాసి ఉన్నాయి. ఒకటో నంబరు దానికి దుమ్ము పట్టి ఉంది, రెండోది కొత్తదానిలా మెరుస్తోంది. మొదటిదాన్ని తీసుకెళ్ళినవాళ్ళెవరూ రెండోదాని దాకా వెళ్ళలేదన్నమాట. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున్న వీసీపీతో, అంటే వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టెతో పాటు కుర్రాడొచ్చాడు. మా డయనోరా టీవీకి వైర్లు తగిలించి వేస్తే తెరంతా గీతలు, మధ్యలో ఎవరో మనిషి ఈదుతున్నట్టు కనపడుతున్నాడు. కుర్రాడు మూత విప్పి, జేబులోంచి కొత్త రెండు రూపాయల నోటు తీసి, స్పిరిట్‌లో ముంచి, ఆ గుండ్రటి హెడ్‌కి ఆనించి వేలితో నెమ్మదిగా తిప్పాడు. నోటు మీద నల్లటి చార పడింది. దాన్ని చూపించి 'చూశారా సార్, ఎంత మడ్డి ఉందో' అని, ఆరాక మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది.

మావయ్య పదింటికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళికొచ్చినట్టు. కూర్చోకముందే వీధివైపు కిటికీ వెయ్యమన్నాడు. టీవీ మీద వెలుతురు పడుతోందని కాబోలు అనుకుని అమ్మ వేసేసింది. ఆ కిటికీలోంచి వెలుతురు టీవీ మీద పడదు, గోడ మీద పడుతుంది. ఆ సంగతి నాకు ఎప్పుడో పెద్దయ్యాక తట్టింది. ఆగస్టు ఉక్కపోత, కిటికీలు మూసిన గది, ఒక ఫ్యాను, ఎనిమిదిమందిమి. తెర మీద మంచు.

ఎనిమిదిమందిలో మా ఇంట్లో అంట్లు తోమే పెద్దావిడ కూడా ఉంది. మేమంతా అత్త అనేవాళ్ళం. పని అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. ప్లాంటు కింద పోయిన ఊళ్ళలో వాళ్ళ ఊరూ ఒకటి. నిర్వాసితుల కుటుంబానికిచ్చే ఆర్ కార్డుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేది. మేం ఉంటున్న సెక్టారు తమ జీడితోట అని ఒకసారి చెప్పింది. ఊరికే, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

మిగతా ఇద్దరూ పక్క క్వార్టర్ వాళ్ళు. వాళ్ళు అరగంటకే లేచి వెళ్ళిపోయారు కాబట్టి కథలోకి రారు.

నాన్న దుబాసీ. తెర మీద ఇంగ్లిష్ మాటలు ఇటు మాకు తెలుగులో, అటు మావయ్యకి అర్థం కానివి రష్యన్‌లో చెప్పాలి. కథ మొదట్లోనే ఇబ్బంది వచ్చిపడింది. పదిహేడేళ్ళ లారాని, వాళ్ళమ్మతో సంబంధం ఉన్న లాయరు కొమరోవ్‌స్కీ వశం చేసుకుంటాడు. పక్కన నేనూ చెల్లీ ఉన్నాం. నాన్న ఒక్క క్షణం తడుముకుని 'ఆయన వాళ్ళకి దూరపు చుట్టం, ఆ పిల్లని చదివిస్తున్నాడు' అన్నారు. తర్వాత క్రిస్మస్ పార్టీలో లారా అతన్ని పిస్తోలుతో కాలిస్తే అమ్మ బిత్తరపోయింది. 'చదివిస్తున్నవాణ్ణి పట్టుకుని కాల్చడం ఏటండీ!' నాన్న ఏమీ అనలేదు. రష్యా మావయ్య ఆయన వంక చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. భాష రాకపోయినా ఏం తర్జుమా జరిగిందో తెలిసిపోయినట్టుంది.

సినిమా నిడివి మూడు గంటల పదిహేడు నిమిషాలు. నడక నత్తనడక. మన సినిమాలూ మూడు గంటలే, కాకపోతే మధ్యలో పాటలొస్తాయి, ఫైట్లొస్తాయి, లేచి మంచినీళ్ళు తాగి రావచ్చు. ఇందులో ఒకటే ట్యూను. బలలైకాలనే రష్యన్ తంతివాద్యాల మీద ఆ లారా ట్యూను తిరిగి తిరిగి వస్తుంది, మాట మాత్రం ఉండదు. మోరిస్ జార్ ఆ సంగీతానికి ఆస్కార్ కొట్టుకెళ్ళాడు, నాన్న ఆ తర్వాత ఇరవయ్యేళ్ళ పాటు గడ్డం గీసుకుంటూ దాన్నే ఈల వేశారు. చెల్లి నిద్రపోయింది. అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుంది.

అయినా చూశాం. ఎందుకంటే తెర మీద జరిగేదానికి మా గదిలో ఎవరో ఒకరు బదులిస్తూనే ఉన్నారు.

యుద్ధం నుంచి కథానాయకుడు డాక్టర్ యూరీ జివాగో మాస్కో ఇంటికి తిరిగొస్తాడు. విప్లవం వచ్చేసింది. ఇంటి నిండా ముక్కూ మొహం తెలియని జనం. ఒక్క ఇంటిని అన్ని కుటుంబాలకి పంచేశారు. నాన్న ఆ ముక్క చెప్తుంటే మావయ్య ఆపి 'మా అమ్మమ్మ వాళ్ళదీ అదే. ఏడు కుటుంబాలు, ఒకటే వంటగది' అన్నాడు. అమ్మ చిక్కుడుకాయ వదిలేసింది. 'ఒకటే వంటగదా! మరి పొయ్యి ముందు ఎవరిది?' ఆ ప్రశ్నని రష్యన్‌లో పెట్టడానికి నాన్న కొంచెం అవస్థపడ్డారు. మావయ్య చాలాసేపు నవ్వి, 'ముందు లేచినవాళ్ళది' అన్నాడు.

తర్వాత రైలు. ఆకలి, టైఫస్ జ్వరం, కట్టెల కరువు. మాస్కోలో బతకలేక యూరీ, భార్య టోన్యా, పిల్లాడు, మామగారు పశువుల పెట్టెలాంటి రైలుపెట్టెలో గడ్డి మీద పడుకుని ఉరల్ కొండల అవతల వరీకినోకి బయల్దేరతారు. ఆ ప్రయాణం ఎంతసేపు చూపిస్తాడంటే అమ్మ చిక్కుళ్ళు అయిపోయాయి. 'మొన్నే కదా రామాయణం అయింది, మళ్ళీ అరణ్యవాసమా' అంది. దారిలో తగలబడిన ఊళ్ళు కనిపిస్తాయి. రైలెక్కినవాళ్ళు మూటలు ఒళ్ళో పెట్టుకుని ఒకరినొకరు చూడకుండా కూర్చుంటారు. అంతవరకూ ఒక్క మాట మాట్లాడని అత్త గుమ్మంలోంచి అడిగింది:

'ఆళ్ళ ఊరు కూడా ఫేట్రీ కిందికి పోనాదేటమ్మా?'

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న 'కాదమ్మా, అక్కడ యుద్ధం' అన్నారు. అత్త తలూపింది. మావయ్య ఏమిటని అడిగాడు. నాన్న ఈసారి ఏం మార్చారో, ఎంత చెప్పారో తెలియదు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి అత్త వంక చూసి, కుర్చీ కొంచెం పక్కకి జరిపాడు, ఆవిడకి తెర బాగా కనపడేట్టు.

ఆ పూటకి కరెంటు కూడా మా మీద దయ తలచలేదు. సరిగ్గా రైలు పట్టాల మీద ఆగినప్పుడు పోయింది. 'రైలుతో పాటు కరెంటూ ఆగింది' అని నాన్న అంటే ఎవరూ నవ్వలేదు. సరే భోజనాలు కానిద్దామంది అమ్మ. పులిహోర, వంజరం వేపుడు, చివర్లో మాడుగుల హల్వా. మావయ్య హల్వాకి మాత్రం 'చాలు' అనలేదు.

రెండో క్యాసెట్టు. వరీకినోలో వాళ్ళు పెద్ద ఇంట్లోకి పోలేక పక్కన చిన్న ఇంట్లో ఉండి కూరగాయలు పండించుకుంటారు. అమ్మకి సినిమా మొత్తంలో నచ్చింది ఆ భాగమే. టోన్యా కడుపుతో ఉంటుంది. మొగుడు దిగాలుగా కిటికీలోంచి బయటికి చూస్తుంటే 'పక్కనున్న యూరియాతిన్ ఊరు వెళ్ళిరారాదూ, లైబ్రరీ ఉంది కదా' అని తనే పంపిస్తుంది. ఆ లైబ్రరీలో లారా ఉంటుంది.

'చూశారా, పంపింది కూడా ఆవిడే' అంది అమ్మ. అప్పట్నుంచి అమ్మకి కథానాయిక లారా కాదు. నాన్న ఉత్సాహపరుద్దామని 'ఆ టోన్యా వేషం వేసినావిడ చార్లీ చాప్లిన్ కూతురు' అన్నారు. 'చాప్లిన్ కూతురా! ఒక్కసారైనా నవ్వే రాత రాయలేదేం పాపం.'

యూరీ రెండిళ్ళ మధ్య నలిగి, చివరికి లారా దగ్గర ఇక రానని చెప్పేసి వస్తుండగా దారిలో ఎర్ర గెరిల్లాలు ఎత్తుకుపోతారు. వాళ్ళకి డాక్టరు కావాలి. వాళ్ళ వెంట మంచులో తిరిగి తిరిగి, పారిపోయి, గడ్డకట్టిన గడ్డంతో కాళ్ళీడ్చుకుంటూ యూరియాతిన్ చేరేసరికి ఇంట్లోవాళ్ళు లేరు. లారా ఉంది, టోన్యా రాసిన ఉత్తరం ఉంది. ఆడపిల్ల పుట్టిందనీ, తమని దేశం నుంచి వెళ్ళగొడుతున్నారనీ, బహుశా పారిస్ వెళ్తామనీ. లారా మంచిదేనని కూడా రాస్తుంది.

ఉత్తరం అయిపోయింది. టోన్యా ఇంక తెర మీద కనపడదు. అమ్మ ఎదురుచూసింది. మంచుకోటలా గడ్డకట్టిన ఆ పెద్ద ఇంట్లో యూరీ రాత్రుళ్ళు లేచి లారా మీద పద్యాలు రాస్తున్నాడు, బయట తోడేళ్ళు అరుస్తున్నాయి, అమ్మ ఇంకా పారిస్ కోసమే ఎదురుచూస్తోంది.

కొమరోవ్‌స్కీ మళ్ళీ వస్తాడు. లారాకి ప్రాణాపాయం ఉందని, తనతో వచ్చేయమని. యూరీ వెనకాలే వస్తానని అబద్ధమాడి ఆమెని మంచుబండి ఎక్కిస్తాడు. బండి కదలగానే మేడ మీదికి పరిగెడతాడు. కిటికీ అద్దమంతా మంచు పట్టి ఉంటుంది, తెరుచుకోదు. అద్దం పగలగొట్టి చూస్తాడు. తెల్లటి మైదానంలో చిన్న చుక్కలా బండి పోతూ ఉంటుంది. అంతే. ఏడుపూ లేదు, డైలాగూ లేదు.

రష్యా మావయ్య నాన్నతో ఏదో అన్నాడు. నాన్న క్యాసెట్టు వెనక్కి తిప్పారు. మళ్ళీ మేడ మెట్లు, మళ్ళీ అద్దం, మళ్ళీ బండి. ఆయన ఇంకోసారి తిప్పమన్నాడు. మూడోసారి అయ్యాక అమ్మ మెల్లిగా 'ఎన్నిసార్లు వేసినా వెళ్ళిపోతుంది కదా అన్నయ్యగారూ' అంది. నాన్న దాన్ని తర్జుమా చెయ్యలేదు.

చివర్న మాస్కోలో ట్రాములో పోతున్న యూరీకి కిటికీలోంచి రోడ్డు మీద నడుస్తున్న లారా కనపడుతుంది. కిందికి దిగి, పిలవబోయి, గొంతు పెగలక, గుండె పట్టుకుని కూలిపోతాడు. ఆమె వెనక్కి తిరక్కుండా నడిచి వెళ్ళిపోతుంది. నాకు అప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. రెండోసారి చూసినప్పుడు గమనించాను. సినిమా మొదట్లో కూడా ఒక ట్రాము ఉంది. ఒకరెవరో ఒకరికి తెలియని వయసులో ఇద్దరూ అందులో ఎక్కుతారు, భుజం రాసుకుంటుంది, పైన తీగ మీద నిప్పురవ్వ చిమ్ముతుంది.

టీవీ ఆపాక అమ్మ అడిగింది, 'అంతా బాగానే ఉంది. ఇంతకీ ఆ పెళ్ళాం ఏమైంది?'

నాన్న 'సినిమాలో చూపించలేదు' అన్నారు. 'సినిమాలో కాదు, అన్నయ్యగారిని అడగండి' అంది. కథ వాళ్ళ దేశానిది కాబట్టి ఆయనకి తెలిసే ఉంటుందని అమ్మ నమ్మకం, మనవాళ్ళెవర్ని అడిగినా ఊర్మిళ సంగతి చెప్తారు కదా అన్నట్టు.

ఆయన ఆ ప్రశ్నని నవ్వులాటగా తీసుకోలేదు. నాన్న ఒక్కో ముక్కా చెప్పారు. 1922లో లెనిన్ ప్రభుత్వం తమకి గిట్టని ప్రొఫెసర్లనీ రచయితలనీ కుటుంబాలతో సహా ఓడలెక్కించి జర్మనీ పంపేసింది. అంతకుముందే అంతర్యుద్ధంలో ఓడిపోయినవాళ్ళు లక్షల్లో దేశం దాటారు. చాలామంది పారిస్ చేరారు. అక్కడ జమీందార్లూ సైన్యాధికారులూ టాక్సీలు తోలారు, కార్ల ఫ్యాక్టరీల్లో కూలికి చేరారు. ఆడవాళ్ళు కుట్టుపనులు చేశారు. 'చెలమ్మా, వాళ్ళ నాన్న ముసలాడు, ఇద్దరు పిల్లలు. ఆవిడ బట్టలు కుట్టి ఉంటుంది. కొడుకు పెద్దయ్యాక టాక్సీ తోలి ఉంటాడు.'

అమ్మ కాసేపు ఆలోచించింది. 'పోన్లే. మొదట్లో రైలు దిగినప్పుడు గులాబీ రంగు గౌనులో పారిస్ నుంచే కదా వచ్చింది, ఊరు కొత్త కాదు' అంది.

నేనా సంగతి గమనించనే లేదు.

1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించారు. దానికి 'గోదావరి' అని పేరు. ఆ ఏడే మావయ్య వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. నాన్న రైల్వేస్టేషన్‌కి వెళ్ళి సాగనంపారు. అమ్మ హల్వా పొట్లం కట్టిచ్చింది. ఉన్ని టోపీలోంచి ఉల్లిపాయలు తీసి, దులిపి ఇచ్చేద్దామా అని కూడా అడిగింది గానీ నాన్న వద్దన్నారు.

అక్కణ్ణించి రెండు ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఒక కొత్త సంవత్సరం కార్డు. మూడు గుర్రాల మంచుబండి బొమ్మ, స్టాంపు మీద సోవియట్ యూనియన్ అని ఉంది. డిసెంబర్ 1991లో పోస్టు చేసింది మాకు ఫిబ్రవరిలో అందింది. డిసెంబర్ 26కే ఆ దేశం రద్దయిపోయింది. నాన్న స్టాంపుని చాలాసేపు చూశారు. తర్వాత డిక్షనరీ దగ్గర పెట్టుకుని కార్డు చదివి వినిపించారు: అందరూ బావున్నారా, ఇక్కడ రొట్టెకి క్యూలు, ఆ నవల ఎట్టకేలకి నా భాషలో చదివాను, పారిస్‌లో వాళ్ళు ఎలా బతికారో పుస్తకంలో కూడా లేదని చెలమ్మకి చెప్పు. తర్వాత ఒక వాక్యం దగ్గర ఆగారు, కళ్ళజోడు సర్దుకున్నారు, 'శుభాకాంక్షలతో' అని ముగించారు. ఆ చిరునామాకి మేం రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు.

నేను ఆ సినిమాని తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఉద్యోగంలో చేరాక దాని గురించి దొరికిందల్లా చదివాను. ఆ మంచులో చాలాభాగం మంచే కాదని తెలిసి పడి పడి నవ్వాను. సినిమా ఎక్కువగా తీసింది స్పెయిన్‌లో. ఆ ఏడు మంచు సరిగ్గా పడకపోతే పాలరాతి పొడి జల్లారు. వరీకినో ఇంట్లో మేం నోరెళ్ళబెట్టుకుని చూసిన గడ్డకట్టిన గదులు మైనంతో చేసినవి. బొచ్చు కోట్లలో ఉడికిపోతూ నటించారు పాపం. అంటే ఆ ఆదివారం తెరకి ఇటూ అటూ కూడా చెమటలే. ఇంకోటి కూడా ఉంది. అప్పటి స్పెయిన్ నియంత ఫ్రాంకో చేతుల్లో ఉంది. సొంత అంతర్యుద్ధం 1939లో ముగిసి, ఓడినవాళ్ళు పాతికేళ్ళుగా నోరు మూసుకుని బతుకుతున్న దేశం. మాస్కో వీధుల సెట్టు మాడ్రిడ్ దగ్గర వేశారు. ఆ జనంలో నిలబడ్డ ఎక్స్‌ట్రాల మొహాల్లో నాకు నటన తక్కువగా కనపడేది అందుకేనేమో. హీరో ఒమర్ షరీఫ్ ఈజిప్టు వాడు, దర్శకుడు ఇంగ్లండు వాడు. సినిమాకి అయిదు ఆస్కార్లొచ్చాయి. వాళ్ళ సొంత గడ్డ మీద అది తెర ఎక్కింది 1994లో. మావయ్య చూశాడో లేదో. చూస్తే ఎక్కడ లేచి నిలబడి ఉంటాడో నాకు తెలుసు.

ఆర్‌కే బీచ్‌లో 2002లో కురుసురా సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు కదా, చుట్టాలొస్తే ఇప్పటికీ తీసుకెళ్తుంటాను. 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరిందది. ఆ రీగా కూడా ఇప్పుడు వేరే దేశంలో ఉంది. గైడు టార్పెడోల గురించి చెప్తుంటే నాకు ఆ కార్డు మీది స్టాంపే గుర్తొస్తుంది.

నాన్న పోయి పద్నాలుగేళ్ళయింది. పోయిన సంక్రాంతికి అటక దులుపుతుంటే ఆ డిక్షనరీ దొరికింది. తెరిస్తే మధ్యలో మూడు గుర్రాల కార్డు. ఇప్పుడు అన్నిటికీ ఫోనే కదా. కెమెరా ముందు పెట్టగానే రష్యన్ అక్షరాల మీద ఇంగ్లిష్ అక్షరాలు తేలాయి. రొట్టెకి క్యూలు, నవల చదివాను, పారిస్... నాన్న చదివిందంతా ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకున్న చోట ఇలా ఉంది: 'ఇది చెలమ్మకి చెప్పకు. పుస్తకంలో యూరీకి చివర్లో మాస్కోలో మూడో ఆవిడ కూడా ఉంది, ఇద్దరు కూతుళ్ళు. సినిమావాళ్ళు మంచివాళ్ళు, తీసేశారు.'

అటక మీదే కూర్చుని నవ్వాను. దూరపు చుట్టం, చదివిస్తున్నాడు!

నవలలో ఆ మూడో ఆవిడ ఉందని నాకు ముందే తెలుసు. కానీ నాన్నకి కూడా తెలుసని తెలియదు.

పోయిన నెల అమ్మ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చి వారం రోజులుంది. డెబ్భై ఆరేళ్ళు. ఒక మధ్యాహ్నం ఏం తోచక 'ఆ రష్యా సినిమా వెయ్యరా' అంది. ఇప్పుడు క్యాసెట్లు మార్చక్కర్లేదు, కరెంటూ పోలేదు. రైలు వచ్చేసరికి ముందేసుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగితే గోరుచిక్కుళ్ళు ఇచ్చాను. మంచుబండి వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిప్పబోయి ఊరుకున్నాను. ట్రాము వచ్చే వేళకి కుక్కర్ మూడో కూత వేసింది. అమ్మ లేచి స్టవ్ కట్టేసి వచ్చేలోపు యూరీ రోడ్డు మీద పడిపోయి ఉన్నాడు, లారా మలుపు తిరిగేసింది.

'అయిపోయిందా?' అంది.

'అయిపోయింది.'

'పారిస్ చూపించలేదు కదూ?'

'లేదమ్మా.'

'టాక్సీలు తోలి ఉంటారు' అంది, గోరుచిక్కుడు తొడిమలు కాగితంలో చుడుతూ. 'ఆయన చెప్పాడు కదా. ఆ యూరీగాడు కూడా, తప్పు చేస్తే చేశాడు గానీ, మనసులో ఆ ఇద్దర్ని తప్ప ఇంకోదాన్ని తలుచుకోలేదు పాపం.'

నేను తొడిమల కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.